చవుడు మీద తేలిన జాడ

ఆ చలికాలం మా ఆయన బండి జాడ మొదట కనబడింది నాకే.

పొద్దున్నే బకెట్టులో మురికినీళ్ళు పారబోద్దామని మెట్టు దిగాను. మా మెట్టు దిగితే యాభై అడుగుల్లో బయలు మొదలవుతుంది. చెట్టూ చేమా లేని చవుడు నేల. అడ్డంగా రెండు కిలోమీటర్లు ఉంటుంది, పొడుగు ఎంతో నేను చూడలేదు. వానాకాలమంతా మోకాలిలోతు నీళ్ళు నిలిచి, చలి పడ్డాక అంచుల నుంచి మెల్లిగా ఆరుతూ వస్తుంది. ఆ రోజు మంచు ఎంత దట్టంగా ఉందంటే షెడ్డు కప్పు కూడా కనబడలేదు. ఆరిన అంచు మీద మాత్రం రెండు తెల్లటి చారలు, పక్కపక్కనే, ఎవరో సుద్దముక్కతో గీసినట్టు తిన్నగా లోపలికి పోయి మంచులో కలిసిపోయాయి.

వంగి చూస్తే టైరు ముద్రలు. ఒక్కొక్క గడీ తెల్లగా, పొడిపొడిగా పైకి తేలి ఉంది. కుడిచేతి చార మీద మూడు అంగలకొకసారి ఒక గడి సగం తెగి ఉంది.

ఆ తెగిన గడి నాకు తెలుసు. ఆయన బండి వెనక కుడి టైరును ఎక్కడో రాయి కోసింది. "మార్చేయండి, పేలుతుంది" అని ఆర్నెల్లు పోరాను నేను. "పేలదు" అని ఆర్నెల్లు నవ్వారు ఆయన.

బకెట్టు చేతిలోంచి ఎప్పుడు జారిందో తెలియదు. నీళ్ళు పాదాల మీద పడితే ఉలిక్కిపడ్డాను.

ఆయన కనబడకుండా పోయి అప్పటికి ఏడు నెలలు. తొలి వానకు మూడు రోజుల ముందు, లోపల ఎవరో ఇరుక్కున్నారని ఫోను వచ్చిందని చెప్పి ఒక్కరే బయల్లోకి వెళ్ళారు. తిరిగి రాలేదు. ఇరుక్కున్నవాళ్ళు ఎవరో కూడా ఇప్పటికీ తెలియదు. ఎండకి బిగిసిపోయిన నేల మీద జాడ ఏదీ కనబడక, ఊరి జనం గెడలతో పొడుస్తూ రెండు రోజులు వెతికారు. మూడో రోజు వాన పడింది. వారం తిరిగేసరికి బయలంతా నీళ్ళు. "మింగేసింది" అన్నారు అందరూ. బయలు అంతకుముందు ఒక ట్రాక్టరునీ, ఒక లారీనీ మింగిన మాట నిజమే కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు. నేను అసలే చెప్పలేదు. నేను ఆయన్ని పెళ్ళాడిన నాటి నుంచీ రోజూ ఆ మాటకే భయపడుతూ ఉన్నదాన్ని.

నా సంగతి తెలిసినవాళ్ళు నవ్వుతారు. ఫోను రెండుసార్లు మోగి ఆగిపోతే ఎవరో పోయారనుకుంటాను. అమ్మాయి స్నానాలగదిలో అయిదు నిమిషాలు ఎక్కువుంటే తలుపు బాదుతాను. "మా అమ్మ తుమ్మేముందు అంబులెన్సుకి చెప్పి తుమ్ముతుంది" అని అది షెడ్డుకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది.

దాన్ని అందరూ పానా అంటారు. తండ్రి పెట్టిన ముద్దుపేరు. నట్లు బిగించే పానాలా సన్నగా, పొడుగ్గా ఉంటుందనీ, ఒకసారి బిగించిందంటే పట్టు వదలదనీ. ఇరవై మూడేళ్ళది. ఆయన పోయాక షెడ్డు అదే నడుపుతోంది. సరదాకి బయల్లో బండ్లు తోలడానికి పట్నాల నుంచి జనం వస్తారు. వాళ్ళ బండ్లకి ఇంజను కింద దెబ్బ తగలకుండా ఇనప రేకు బిగించడం, దారి చూపడం, ఇరుక్కుంటే లాగడం, వచ్చాక అడుగున అంటిన ఉప్పు కడగడం మా పని. ఆయనతో పాతికేళ్ళు పనిచేసిన మిస్త్రీ ఇంకా మాతోనే ఉన్నాడు.

ఇద్దర్నీ కేకేసి పిలిచాను. పానా చారల పక్కన గొంతుక్కూర్చుని తెగిన గడిని వేలితో తడిమింది.

"బాబాయ్, నాన్న టైరే."

మిస్త్రీ కొంచెం గీకి నాలుక కొన మీద వేసుకున్నాడు. "ఉప్పు" అన్నాడు. "భయపడకు వదినా. బరువు పడ్డ చోట నేల ఒత్తుకుపోతుంది. ఆరేటప్పుడు చెమ్మ ముందు అక్కడ్నించే పైకి లాగుతుంది. చెమ్మ పోతుంది, ఉప్పు మిగులుతుంది. అంతే."

"ఏడు నెలల కిందటిది, నీళ్ళ కింద నానిపోయింది, ఇప్పుడు లేస్తుందా మిస్త్రీ గారూ?"

"పాత ట్రాక్టరు జాడ కూడా ఒక ఏడు ఇలాగే లేచింది. నేను చూశాను."

"వెళ్ళిన జాడే ఉంది" అన్నాను. "వచ్చిన జాడ లేదు."

మా షెడ్డులో కొత్తగా చేరినవాళ్ళకి చెప్పే మొదటి మాట అది. వెళ్ళిన జాడ ఉండి వచ్చిన జాడ లేని దారిలో చక్రం పెట్టకూడదు.

*

మర్నాడు ఆ చారలు పొడుగయ్యాయి.

మొదటి రోజు అంచు నుంచి ఇరవై అంగలు. రెండో రోజు యాభై. వారానికి ఎర్ర గుంజ దాటాయి. ఆ గుంజ ఆయనే పాతారు. అక్కడిదాకా నేల గట్టి, అది దాటితే పైన పెంకు, కింద బురద. మేడ మీదికెక్కి చూస్తే మంచు విడుతున్నకొద్దీ కొంచెం కొంచెంగా బయటపడేవి. రోజుకు ఒక వంద అడుగులు. ఒక మనిషి తొందరేమీ లేకుండా, పొగ తాగుతూ, తాపీగా బండి తోలుకుపోతున్నట్టు.

బయలు అంచు నుంచి ఆరుతుంది కాబట్టి జాడ కూడా అంచు నుంచే తేలుతుందని మిస్త్రీ నాకు నాలుగుసార్లు చెప్పాడు. నాలుగుసార్లూ తల ఊపాను. బుర్ర ఒప్పుకుంది, ఒళ్ళు ఒప్పుకోలేదు. పొద్దున లేవగానే కాళ్ళు వాటంతట అవే మేడమెట్ల వైపు నడిచేవి. నిన్న ఎక్కడ ఆగారు, ఇవాళ ఎక్కడిదాకా వెళ్ళారు అని చూసుకునేదాన్ని. బట్టలారేస్తూ చూసేదాన్ని. పెనం మీద మాడిన వాసన వచ్చాక వంట సంగతి గుర్తొచ్చేది.

ఒకరోజు పానా నా వెనకాలే మేడ ఎక్కింది. చేతిలో పెన్సిలు, చెవి మీద ఇంకొకటి.

"నిన్నటికీ ఇవాళ్టికీ తొంభై అడుగులు" అంది. "ఈ లెక్కన నెల తిరిగేసరికి చివరిదాకా తేలుతుంది."

"ఏ చివరిదాకా?"

అది కిందికి దిగిపోయింది. షెడ్డు గోడ మీద బొగ్గుతో బయలు బొమ్మ గీసి, రోజూ అందులో జాడ గీతను ఇంత పొడిగిస్తూ వచ్చింది. నేను మధ్యాహ్నం అది లేనప్పుడు వెళ్ళి తడిగుడ్డతో తుడిచేసేదాన్ని. సాయంత్రానికి మళ్ళీ ఉండేది. ఈ విషయం మేమిద్దరం ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ ఆదివారం ఒక కొత్త జంట వచ్చింది. మెరిసిపోతున్న కొత్త బండి, అబ్బాయికి నల్లకళ్ళద్దాలు, మంచులో కూడా తియ్యలేదు. పానా వాళ్ళకి గుంజకి ఇవతలగా పోయే దారి చూపించి, ఎక్కడ తిరగాలో, ఎక్కడ ఆగకూడదో వేలు మడిచి చెప్పింది. అబ్బాయి సరేనని తల ఊపి, మేము అటు తిరగగానే తెల్లచారలు పట్టుకుని తిన్నగా లోపలికి పోయాడు. గుంజ దాటి పాతిక అంగలు వెళ్ళాడో లేదో ముందు చక్రాలు ఇరుసు దాకా దిగిపోయాయి.

పానా గట్టి నేల మీద మా బండి నిలిపి, ఇనప తాడు విప్పి, పలకలు పరుచుకుంటూ వెళ్ళి కొక్కెం తగిలించింది. మా బండి ముందున్న మోటారు తాడును చుట్టుకుంటూ ఉంటే బురద చప్పరిస్తూ బండిని వదిలింది.

"ఎవరు చెప్పారయ్యా అటు పొమ్మని?" అని మిస్త్రీ గట్టిగానే అడిగాడు.

"దారి గీసి పెట్టారు కదండీ తెల్లగా! రోడ్డు మీద గీతల్లాగా. నేను అదే అనుకున్నాను."

"అనుకుంటావు. అద్దాలు తీస్తే ఇంకా బాగా అనుకుందువు."

ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. మా మెట్టు మీద కూర్చుని, నేనిచ్చిన టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, మెల్లిగా అడిగింది. "ఆంటీ, లోపల ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరే. ఎందుకమ్మా?"

"ఇంజను ఆపేశాక వినబడింది. దూరంగా ఇంకో బండి. వస్తున్నట్టు కాదు, పోతున్నట్టు."

మిస్త్రీ విన్నాడు. "ఎదురు గట్టు మీద కంకర రోడ్డుందమ్మా. మంచులో చప్పుడు బాగా సాగుతుంది" అన్నాడు, కాని ఆ మాట అంటూ నా మొహంలోకి చూడలేదు.

*

వాళ్ళు వెళ్ళాక పానా చేతులు తుడుచుకుంటూ వంటింట్లోకి వచ్చింది. ఏదో అనబోతోందని నాకు దాని నడకలోనే తెలిసింది.

"అమ్మా, చివర నాన్న ఉంటాడు."

"నోర్ముయ్."

"జాడ ఎక్కడ ఆగితే అక్కడ బండి ఉంటుంది. బండి ఉంటే నాన్న ఉంటాడు. తవ్వుతాను. బాబాయ్ సాయం వస్తాడు."

"రాడు. నేను రానివ్వను. మీ ఇద్దర్నీ కూడా అది మింగితే నేను ఎవర్ని పిలవను, చెప్పు?"

"ఇలా ఎన్నాళ్ళమ్మా? నాన్న గురించి మాట్లాడబోయి మధ్యలో ఆగిపోతావు. 'మీ నాన్నకి ఉల్లిపాయ ఇష్టం' అనాలో 'ఇష్టంగా ఉండేది' అనాలో తెలీక గరిటె పట్టుకుని నిలబడతావు. నేను చూడలేకపోతున్నాను."

"చూడకు. పనికి పో."

"ఆఫీసులో కూడా అదే మాట. ఏదో ఒకటి దొరికితే గాని పోయినట్టు కాయితం ఇవ్వరట."

"నాకు కాయితం వద్దు. నువ్వు కావాలి. గుంజ దాటి అటు పోయావో, నేను ఆ బయల్లోనే పడి చస్తాను. నా మీద ఒట్టు."

దాని దవడ బిగుసుకుంది, అచ్చం ఆయనకి బిగుసుకున్నట్టే. అంతలోనే "సరే" అంది. అంత తేలిగ్గా అనేసరికి నాకు ఇంకా భయం వేసింది. జ్వరం చూసినట్టు దాని నుదుటి మీద చెయ్యి వేసి చూశాను.

ఆ తర్వాత పది రోజులు అది బయలు ఊసే ఎత్తలేదు. గోడ మీద గీత కూడా పొడిగించలేదు. నేను మేడ మీద నుంచి చూస్తూనే ఉన్నాను. చారల కొన ఇక కంటికి ఆనేంత దూరంలో లేదు. ఎదురు గట్టు వైపు నుంచి కూడా నేల ఆరుకుంటూ వస్తోందనీ, నడుమ సన్నటి తడిచార ఒకటే మిగిలిందనీ మిస్త్రీ ఎవరితోనో అంటుంటే విన్నాను.

"రేపు మొదటి బస్సుకి పట్నం పోతున్నాను" అని చెప్పింది పానా ఒక సాయంత్రం. "బేరింగులు తేవాలి. నువ్వు లేవకు, టీ నేనే పెట్టుకుంటాను."

"బస్సు బ్రేకులు చూసుకుని ఎక్కు."

"డ్రైవరుని కూడా చూసుకుని ఎక్కుతాను. పెళ్ళికొడుకైతే పెళ్ళాడేసి వస్తాను."

నవ్వాను. చాలా రోజులకి నవ్వాను.

*

మర్నాడు తెల్లారి లేచేసరికి ఇల్లు ఖాళీ. టీ గ్లాసు కడిగి బోర్లించి ఉంది. షెడ్డుకి తాళం వేసి ఉంది. తలుపు తీసి బయటికి వచ్చాను. మంచు ముందు రోజుకంటే చిక్కగా ఉంది, నా చెయ్యి చాచితే వేళ్ళు కనబడటం లేదు.

మెట్టు దిగి జాడ దగ్గరికి వెళ్ళాను. వెళ్ళి అక్కడే నిలబడిపోయాను.

తెల్లటి గడులు చితికిపోయి ఉన్నాయి. వాటి మీద కొత్త ముద్రలు. నల్లగా, తడిగా, ఇప్పుడే ఎవరో బండి ఎక్కించుకుని పోయినట్టు. అదే వెడల్పు. అదే వరస. లోపలికే.

షెడ్డుకి తాళం ఉంది, బండి లోపల ఉంది. పిల్ల బస్సులో ఉంది. ఇంకెవరు?

ఆ క్షణంలో నేను అనుకున్నది చెబితే నవ్వుతారు, నవ్వండి. ఆయన వచ్చారనుకున్నాను. ఇంతకాలం మెల్లిగా తోలుకుంటూ పోయినాయన తిరిగొచ్చి, గుమ్మం ముందు ఆగి, మేము పడుకుని ఉండటం చూసి మళ్ళీ వెళ్ళారనుకున్నాను. ఈసారి ఎవర్ని తీసుకుపోవడానికి వచ్చారో కూడా అనుకున్నాను. ఈ జాడ మా గుమ్మం దాకా ఉన్నంతకాలం నా బిడ్డని పిలుస్తూనే ఉంటుంది. ఇవాళ కాకపోతే రేపు అది వెళుతుంది.

షెడ్డు గోడ పక్కన అరిగిపోయిన టైర్లు పడి ఉంటాయి. రెండింటికి తాడు కట్టాను. తాడు భుజాన వేసుకుని ఆ చారల మీదుగా లాగడం మొదలుపెట్టాను. వెనక్కి తిరిగి చూస్తే చారలు లేవు, చదునైన నేల ఉంది. ఇంకా లాగాను. కళ్ళలో నీళ్ళో మంచో తెలియదు. "పొండి, వచ్చిన దారి మీకు లేదు, మా ఇంటికి మీకు దారి లేదు" అని గొణుక్కుంటూ లాగాను. నలభై ఏళ్ళు దాటిన దాన్ని, గాడిదలా లాగాను. ఎర్ర గుంజ ఎప్పుడు దాటానో తెలియదు. అడుగు పడిన చోట గుడ్డు పెంకు చిట్లినట్టు చప్పుడైతే తెలిసింది. అప్పటికి గుంజ దాటి అరవై, డెబ్భై అంగలు వచ్చేసి ఉన్నాను. టైర్లు అక్కడే వదిలేసి, నా అడుగుల్లో నేనే అడుగు పెట్టుకుంటూ గుంజ దగ్గరికి వచ్చిపడ్డాను.

అప్పుడు వినబడింది ఇంజను. లోపలి నుంచి.

పోతున్నట్టు కాదు, వస్తున్నట్టు.

నిమ్మళంగా, ఒకే గేరులో, తిన్నగా మా ఇంటి మీదికే. గుంజను కావలించుకుని నిలబడ్డాను. దీపాలు కనబడవు, బండి కనబడదు, చప్పుడు మాత్రం పెద్దదవుతోంది. నేను టైర్లు వదిలిన చోటికి ఇంకొంచెం అవతల అది తగ్గింది. తడబడింది. ఆగిపోయింది. బయలంతా నిశ్శబ్దం.

తర్వాత హారను. మూడుసార్లు. బొంగురుగా, జలుబు చేసిన గొంతులా.

అది మా షెడ్డు బండి హారను. మూడుసార్లు కొడితే దారి పోయిందని.

నేను చెరిపింది ఎవరి దారో అప్పుడు అర్థమైంది.

మిస్త్రీకి ఫోను కలిపాను. "ఆగిన బండి గుంజ అవతల ఎంతసేపు నిలుస్తుంది?"

"పెంకు బాగుంటే పావుగంట. తర్వాత కూర్చుంటూ పోతుంది. ఎందుకు వదినా?"

"రండి" అని మాత్రం అని పెట్టేశాను. మిస్త్రీ ఇంటి నుంచి మా ఇంటికి సైకిలు మీద పాతిక నిమిషాలు.

ఇరుక్కున్న చక్రాల కింద పెట్టే పలకలు షెడ్డు బయట గోడకి ఆనించి ఉంటాయి. మనిషి పొడుగు, పైన పళ్ళు. రెండు తీసుకుని పరిగెత్తాను. గుంజ దాటాక ఒక పలక పరిచి, దాని మీద నిలబడి, రెండోది ముందు పరిచి, దాని మీదికి వెళ్ళి, వెనకది లాక్కోవడం. మా ఆయన వందసార్లు అలా వెళ్ళడం మెట్టు మీద నుంచి చూశాను, ప్రతిసారీ కళ్ళు మూసుకునే చూశాను. ఇప్పుడు కళ్ళు తెరిచి ఉన్నా కనబడేది ఏమీ లేదు. పలక కింద నేల ఊపిరి తీసుకుంటున్నట్టు లేచి దిగుతోంది. పళ్ళ సందుల్లోంచి నల్లటి నీళ్ళు ఊరుతున్నాయి.

"పానా!"

"అమ్మా?" గొంతు దగ్గరే. "నువ్వా? రాకు! అక్కడే ఉండు, బాబాయిని పిలు!"

"వచ్చేశాను."

బండి ఎడమ పక్కకి ఒరిగి ఉంది. పానా స్టీరింగు పట్టుకుని, కదిలితే ఎక్కడ దిగిపోతుందోనని బొమ్మలా కూర్చుని ఉంది. మొహం ఉప్పు పట్టి తెల్లగా ఉంది. కొంచెంసేపు నన్ను నిజమో కాదో అన్నట్టు చూసింది.

"జాడ పోయిందమ్మా. ఇందాక వెళ్ళేటప్పుడు ఉంది. ఇక్కడికొచ్చేసరికి ముందంతా చదునైపోయింది. లోపలికి కుంగిపోయిందనుకుని పక్కకి తిప్పాను, దిగిపోయింది."

చెప్పకుండా ఉండే వీలుంటే చెప్పేదాన్ని కాదేమో. కాని అది ఎటు తోలాలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

"కుంగలేదు. నేను చెరిపాను."

"ఏమిటి?"

"టైర్లు కట్టి లాగి చెరిపాను. చదునుగా ఉన్నదే దారి. అదిగో ఆ టైర్లు. అక్కడి నుంచి మెట్టు దాకా నేను లాగిన చారే ఉంటుంది. దాని మీదే పో."

అరుస్తుందనుకున్నాను. అది కళ్ళు మూసి తెరిచింది. "పలకలు ముందు చక్రాల కింద దూర్చు. కొనలు బాగా లోపలికి. వేళ్ళు జాగ్రత్త" అంది, షెడ్డులో పనివాడికి చెప్పినట్టు. దూర్చాను. పక్కన ఎక్కి కూర్చోమంది. కూర్చున్నాను. బండి పలకల మీదికి మూలుగుతూ ఎక్కి, ఒకసారి జారి, నేను లాగిన చార మీదికి వచ్చింది. దారంతా నేను ముందుకు వంగి, అద్దంలోంచి నేల చూస్తూ, "కుడికి, ఇంకొంచెం, అంతే" అంటూనే ఉన్నాను. ఆ బండిలో నేను ఎక్కడం అదే మొదటిసారి.

*

గట్టి నేల మీదికి వచ్చాక అది మొట్టమొదట చేసింది బండిని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళడం. ఇద్దరం పైపులు పట్టుకుని చెరో పక్కా గొంతుక్కూర్చున్నాం. ఇంజను కింద రేకు మీద ఉప్పు, బురద కలిసి గడ్డకట్టి ఉన్నాయి. నీళ్ళు కొడుతుంటే పెచ్చులు పెచ్చులుగా ఊడి పడుతున్నాయి. బండి అడుగు నుంచి దాని కాళ్ళు తప్ప నాకేమీ కనబడటం లేదు.

"నీకు వినబడకుండా గుంజ దాకా ఇంజను వెయ్యకుండా తోసుకుంటూ పోయాను. చివరిదాకా వెళ్ళాను" అంది, అటు పక్క నుంచి.

నేను పైపు ఆపలేదు.

"నడుమ తడిచార ఉందే, అదీ ఆరిపోయింది, అక్కడ ఆగి ఉంటుందనుకున్నాను. అక్కడ ఆగలేదు. ఎదురు గట్టు కింద ఆగింది. అక్కడ నేల గట్టి."

"బండి ఉందా?"

"లేదు." నీళ్ళ చప్పుడు. "అక్కడిదాకా ముద్ర వెడల్పుగా ఉందమ్మా, గాలి దింపిన టైరు ముద్ర. అక్కడి నుంచి గట్టు ఎక్కేటప్పుడు సన్నగా ఉంది."

బయలు మీద గాలి దింపితే గాని టైరు పరుచుకుని బరువు ఆపదు. రోడ్డు మీద ఆ గాలి సరిపోదు, నాలుగు చక్రాలకీ మళ్ళీ నింపుకోవాలి. ఆయన పంపు కాలితో తొక్కేది. చక్రానికి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది.

"నాలుగు చక్రాల దగ్గరా రెండేసి గుండ్రటి మచ్చలు" అంది పానా. "తెల్లగా. మొదట అర్థం కాలేదు. తర్వాత నేనూ టైరు పక్కన మోకాళ్ళు ఆనించి కూర్చుని చూశాను. మోకాళ్ళవి."

"తర్వాత?"

"గట్టు ఎక్కి ఎడమకి తిరిగింది. తర్వాత కంకర."

ఆ రోడ్డు మీద కుడికి తిరిగితే, చుట్టూ తిరిగి నలభై కిలోమీటర్లకి మా ఇల్లు వస్తుంది.

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. మిట్టమధ్యాహ్నం, బయలు మీద ఎండ నీళ్ళలా కదులుతోంది. మెట్టు మీద నిలబడి ఆయన ఇంజను చప్పుడు వింటూ ఉన్నాను. చిన్నదైపోయి, చిన్నదైపోయి, ఠక్కున ఆగింది. ఆగగానే అరుచుకుంటూ మిస్త్రీ ఇంటికి పరిగెత్తాను, చెప్పులు కూడా వేసుకోలేదు. బయలు మింగేసిందని ఊళ్ళో మొదట అన్నది నేనే. అక్కడే ఇంకో అరగంట నిలబడి ఉంటే మళ్ళీ ఆ ఇంజను కదలడం వినేదాన్ని.

ఎన్ని రకాలుగా భయపడ్డాను! పాము, పిడుగు, గుండెపోటు, బురద, పేలిన టైరు. పడుకోబోయే ముందు ఒక్కొక్కటే తలుచుకుని దండం పెట్టుకునేదాన్ని. ఇది ఒక్కటి తట్టలేదు.

పానా బండి చుట్టూ తిరిగి వచ్చి నా పక్కన కూర్చుంది. పాంటు మోకాళ్ళ దగ్గర రెండు తెల్ల మచ్చలు ఎండిపోయి ఉన్నాయి. నేను వాటి వంక చూడటం చూసి చేత్తో దులుపుకుంది.

మిస్త్రీ సైకిలు పడేసి, రొప్పుతూ వచ్చాడు. బండిని చూశాడు, దాన్ని చూశాడు, మోకాళ్ళదాకా బురద అంటిన నన్ను చూశాడు.

"బయల్లోకి వెళ్ళారా ఇద్దరూ?" అన్నాడు. మళ్ళీ గొంతు తగ్గించి, "ఏమైనా దొరికిందా?" అన్నాడు.

పానా నా వైపు తిరిగింది. చెప్పనా వద్దా అని దాని కళ్ళు నన్నే అడిగాయి.

"ఆయన క్షేమం మిస్త్రీ గారూ" అన్నాను. "నాలుగు చక్రాలకీ గాలి పట్టుకుని మరీ వెళ్ళారు."

మిస్త్రీ మెల్లిగా షెడ్డు మెట్టు మీద కూర్చున్నాడు.

నేను పైపు అందుకుని మళ్ళీ బండి కిందికి వంగాను. ఇరుసు వెనకాల ఇంకా చాలా ఉంది. ఉప్పును ఒక్క రోజు వదిలినా ఇనుమును తినేస్తుంది.